మేస్టారికి నేను రాసిపెట్టిన జబ్బు

అడిగేవాళ్ళకు

నల్లపాడులో మా ఇంటికి ఇప్పటికీ నెలకు ఒకరిద్దరు వస్తుంటారు. బ్యాండులో చేరదామా, డ్రమ్స్ నేర్చుకుని ఓడల మీదా హోటళ్ళలోనూ వాయించే ఉద్యోగాలకు పోదామా అని ఆలోచించేవాళ్ళు. కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఎన్ని దేశాలు తిరిగారండీ?"

ఇంగ్లండు, మస్కట్, బహ్రెయిన్, సింగపూరు, ఓడ మీద పనిచేసిన రెండేళ్ళలో పేర్లు గుర్తులేని కొన్ని రేవులు. ఇవి చెప్తే ఫోన్లో రాసుకుంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని మాత్రం ఎప్పుడో గాని ఎవరూ అడగరు. అడిగినప్పుడు నేను మాట మార్చి టీ పెట్టమని లోపలికి కేకేస్తాను. ఇప్పుడు ఆ జవాబే రాద్దామని కూర్చున్నాను.

నా పేరు శామ్యూలు. సైడ్ డ్రమ్ము వాయించాను. మెడలోంచి వాలుగా వేలాడే చిన్న డ్రమ్ము, రెండు పుల్లలు, అడుగున తీగలు. దాని మీదే నా జీవితం గడిచింది. గుంటూరులో నేను పనిచేసిన బ్యాండు పేరు రాయను. ఆ కుటుంబం ఇంకా అదే వ్యాపారంలో ఉంది. యజమానిని రత్తయ్య గారని పిలుస్తాను. అది ఆయన అసలు పేరు కాదు. నాకు నేర్పిన మేస్టారి పేరు మాత్రం మార్చను. ఆయన ప్రభుదాసు.

పని అంటే

బ్యాండు వాళ్ళంటే ఎర్రకోటు, జరీ టోపీ అనుకుంటారు. కోటు కింద బనీను ఉండదు, ఉంటే ఎండకు నిలవలేం. డ్రమ్ము అంచు తొడ మీద కొట్టుకుని, సీజను మొదలైన పది రోజులకే అక్కడ చర్మం నల్లగా మొద్దుబారిపోతుంది. మేళం సగం దూరం వెనక్కి నడుస్తూ సాగుతుంది, ఎందుకంటే పెళ్ళివారు ముందుకు కదలరు. మిరపకాయల సీజనులో యార్డు పక్కనుంచి ఊరేగింపు పోతే ఊదేవాళ్ళు ఒక్కొక్కరే దగ్గుతూ ఆగిపోయేవాళ్ళు. పాట ఆగకూడదు కాబట్టి ఆ ఫర్లాంగు దూరం డ్రమ్ములే మోయాలి.

చెవుల సంగతి ఎవరూ చెప్పరు. పెద్ద డ్రమ్ముకు, జాల్రాలకు మధ్యలో నా స్థానం. మాది పత్తి పండే నేల. జిన్నింగు మిల్లుల ముందు రోడ్డు పొడుగునా దూది పింజలు ఎగురుతుంటాయి. అయినా మాలో ఒక్కడూ చెవిలో చిటికెడు దూది పెట్టుకోలేదు. పెట్టుకుంటే మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఇవాళ నా ఎడమ చెవి పనిచేయదు, కుడి చెవిలో పగలూ రాత్రీ ఈల మోగుతుంటుంది. దూది పెట్టుకోండి. నేను ఇవ్వగలిగిన సలహాల్లో అనుమానం లేకుండా పనికొచ్చేది ఇదొక్కటే.

తినకుండా వాయించిన పెళ్ళి

అమరావతి దగ్గర ఒక ఊళ్ళో ఉదయం ముహూర్తం పెళ్ళి. ఆరు గంటల నుంచి వాయించాం. అక్షింతలు పడ్డాక, ఊరి పెద్దలు తిన్నాక, పనివాళ్ళు తిన్నాక మమ్మల్ని పిలిచారు. వెళ్ళి చూస్తే గొడ్లచావిడి పక్కన, పేడకళ్ళు ఊడ్చిన చోట తడి ఆరకముందే విస్తళ్ళు వేసి ఉన్నాయి. మేము పదకొండుమందిమి. దాదాపు అందరం ఊళ్ళ బయటి పాలేల నుంచి వచ్చిన క్రైస్తవులమే. మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ ఇంటివాళ్ళకు మేం రాకముందే తెలుసు.

ప్రభుదాసు మేస్టారు విస్తళ్ళ వైపు చూసి, వడ్డించడానికి గంప పట్టుకుని నిలబడ్డ మనిషితో మెల్లగా అన్నారు.

"మేం తినొచ్చామండి. మీరు కానివ్వండి."

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారుగా. ఎప్పుడు తిన్నారు?"

"తిన్నామండి."

వెనక్కి తిరిగి కార్నెట్టు తుడుచుకున్నారు. కార్నెట్టు అంటే పొట్టి ట్రంపెట్టు లాంటిది, మేళంలో పాట నడిపించేది అదే. మధ్యాహ్నం పెళ్ళికూతుర్ని సాగనంపే దాకా ఖాళీ కడుపులతో వాయించాం. లారీలో తిరిగి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేక ఆయన మీదికి లేచాను.

"మీకేం మేస్టారూ, ఊదేది గాలే. మేం బరువు మోస్తన్నాం. ఒక్క పూట అక్కడ కూర్చుంటే ఏం పోద్ది?"

"ఆకలి ఇంటికి పోతే తీరుద్దిరా. అక్కడ కూర్చున్నది తీరదు."

ఆయన మాట తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ నాకు ఇరవై రెండేళ్ళు, కడుపు కాలుతోంది. నా తరఫున కూడా ఆయనే ఆత్మగౌరవం చూపించారని కోపం వచ్చింది. ఆ కోపం నాలోంచి పోలేదు. తర్వాత ఒక ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు అది నాకు పనికొచ్చింది.

నేర్చుకోని పాఠం

మేస్టారి తండ్రి చర్చిలో గంట కొట్టే మనిషి. చిన్నప్పుడు ఒక మిషనరీ దొర మేస్టారికి కార్నెట్టు ఊదడం, ఐదు గీతల మీద రాసిన సంగీతం చదవడం నేర్పాడట. మా జిల్లాల్లో బ్యాండు వాయించేవాళ్ళలో కాగితం చూసి వాయించగలిగిన మనిషిని ఆయన్ని తప్ప మరొకర్ని నేను చూడలేదు. మిగతా మేమంతా సినిమా పాట రేడియోలో విని పట్టుకునేవాళ్ళం.

మా రిహార్సలు ఒక ప్రెస్సు పక్కన రేకుల షెడ్డులో. మేస్టారు పలక మీద గీతలు గీసి నన్ను పిలిచేవారు.

"ఇదిగో, ఈ గుర్తు వస్తే కొట్టకూడదు. నాలుగు లెక్కపెట్టి ఊరుకోవాలి."

"పెళ్ళికొడుకు పలక చూస్తాడా మేస్టారూ?"

"చూడడు. ఎప్పటికీ పెళ్ళిళ్ళలోనే ఉంటావా?"

"చెవి ఉందిగా నాకు."

"ఎక్కడ కొట్టాలో చెవి చెప్పుద్ది. ఎంతసేపు ఆగాలో చెప్పదురా."

నా చేతులు మంచివి. అది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగింది అర్థం కావడానికి చెప్తున్నాను. రెండు పుల్లలతో వరసగా రాలే చినుకుల్లా వాయించే పట్టు, దాన్ని రోల్ అంటారు, నేను చెవికి ఆనీ ఆననంత మెల్లగా మొదలుపెట్టి ఊరంతా వినబడేదాకా పెంచి మళ్ళీ మెల్లగా తగ్గించగలిగేవాణ్ణి. చేతులు మంచివైనవాడికి చదువు మీద చిన్నచూపు ఉంటుంది. నాకు నిండా ఉండేది.

హారిస్ గారు

ఎనభైల మొదట్లో మా వైపు ఒక చర్చి జూబిలీకి ఇంగ్లండు నుంచి అతిథులు వచ్చారు. వాళ్ళలో హారిస్ అనే పెద్దాయన ఉన్నారు. ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగనుల ఊరు ఆయనది. గనిలో సర్వేయరుగా చేసి, ఆ ఊరి కార్మికుల బ్యాండుకు మాస్టరుగా ఉన్నారు. అక్కడ ప్రతి గనికీ ఒక బ్యాండు, బ్యాండులన్నిటికీ పోటీలు ఉంటాయని ఆయన చెబితేనే మాకు తెలిసింది.

మేము ఊరేగింపులో ఒక కీర్తన వాయించాం. ఆయన వచ్చి సంచీలోంచి ఒక కాగితం తీసి మేస్టారికి ఇచ్చారు. మేస్టారు దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మొదటి ప్రయత్నంలోనే ఆగకుండా ఊదేశారు. హారిస్ గారు చర్చి వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయారు. తర్వాత నన్ను రోల్ వాయించమని, చెయ్యి పైకెత్తుతూ దించుతూ ఎంతసేపు వాయించగలనో చూశారు.

వెళ్ళిన రెండు నెలలకు రత్తయ్య గారి అడ్రసుకు ఉత్తరం వచ్చింది. ప్రభుదాసు గారినీ శామ్యూలునీ ఆరునెలలు మా ఊరు పంపండి, ఖర్చులు మా బ్యాండు భరిస్తుంది, పెద్ద పోటీలో మాతో కలిసి వాయిస్తారు, శామ్యూలుకు సంగీతం చదవడం రాదు కాబట్టి ప్రభుదాసు గారు పక్కన కూర్చుని చూసుకుంటారు. ఆ ఉత్తరం రత్తయ్య గారికి చదివి వినిపించింది నేనే. మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఆయన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే చదివేవాణ్ణి, నేనే రాసేవాణ్ణి.

పది నిమిషాల పని

మర్నాడు రత్తయ్య గారు నన్ను ఇంటికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను కూర్చోమనలేదు.

"ప్రభుదాసు పోతే ఇక రాడు" అన్నారు.

"ఆర్నెల్లేగా అండి."

"అట్టాంటోళ్ళు తిరిగిరార్రా. మాఘమాసం ముహూర్తాలకి నా మేళం ఎవడు నడపాల? మా శీను పోతాడు నీతో."

శీను ఆయన బావమరిది. యుఫోనియం అనే పెద్ద బాకా ఊదేవాడు, ఊదడం కంటే తుడవడం బాగా చేసేవాడు.

"వాళ్ళు మేస్టారి పేరు రాశారండి."

"అందుకేగా నిన్ను పిలిచింది. ఆయనకి ఒంట్లో బాలేదని రాయి. ఊదేవాడికి ఊపిరితిత్తులు చెడితే ఎవడూ రమ్మనడు."

ఆయన అలమరలోంచి కాగితం, పెన్ను తీశారు.

"రాయనంటే చెప్పు. ఇద్దరూ కుదరదన్నారని ఇంకోడి చేత రాయిస్తా. నువ్వూ ఇక్కడే ఉందువు."

ఆయన నన్ను కొట్టలేదు, బలవంతపెట్టలేదు. కాగితం, పెన్ను ముందు పెట్టి లోపలికి వెళ్ళారు. ప్రభుదాసు గారికి ఛాతీలో జబ్బు చేసిందనీ, ఊదవద్దని డాక్టరు చెప్పాడనీ, ఆయనే తన బదులు శీనును పంపమన్నారనీ రాశాను. ఒక ఇంగ్లీషు మాట స్పెల్లింగు మీద అనుమానం వస్తే లేచి అలమరలో నిఘంటువు తీసి చూసుకున్నాను. పది నిమిషాలు పట్టింది. రాస్తున్నంతసేపూ గొడ్లచావిడి దగ్గరి విస్తళ్ళు తలుచుకున్నాను. ఈయన వల్ల ఆ రోజు పస్తున్నాను అనుకుంటూ రాశాను. తప్పు చెయ్యాలనుకున్న మనిషికి ఏదో ఒక పాత బాకీ దొరుకుతుంది.

మేస్టారికి రత్తయ్య గారు వేరేగా చెప్పారు. దొరలు మనసు మార్చుకున్నారు, కార్నెట్టులు వాళ్ళకి చాలా ఉన్నాయట, యుఫోనియం కావాలన్నారని. మేస్టారు "సరేనండి" అన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు.

"నేను లేకుండా పోతన్నావు. కాగితం రాకపోతే అక్కడ ఇబ్బంది పడతావు. ఈ మూడు వారాలు రోజూ వస్తా, కూర్చో."

మొదటి రోజు కూర్చున్నాను. ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే ఆ వేలు వైపు చూడలేకపోయాను. రెండో రోజు నుంచి ఆయన వచ్చే వేళకు ఇంట్లో లేకుండా పోయేవాణ్ణి. మా అమ్మతో కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేవారట. గుంటూరు స్టేషనుకు కూడా వచ్చారు. డ్రమ్ము గుర్తులన్నీ తెలుగులో వివరించి రాసిన నోటుపుస్తకం చేతిలో పెట్టారు. దాన్ని నేను తెరవలేదు.

అక్కడ

ఆ గనుల ఊరి గురించి చెడు చెప్పలేను. బ్యాండులో ఉన్నవాళ్ళంతా బొగ్గు తవ్వేవాళ్ళు, గనులు మూతపడతాయన్న భయంలో బతుకుతున్నారు. అయినా వాళ్ళు యూనిఫాం వేసుకుని వీధిలోకి వస్తే ముసలివాళ్ళు టోపీ తీసేవాళ్ళు. పని అయ్యాక అందరూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు, మేమూ అక్కడే. మొదటి రోజు నేను గోడవారగా నిలబడితే, ఎందుకు నిలబడ్డానో వాళ్ళకు అర్థం కాలేదు. ఆ బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషి నేను కాదని ప్రతి పూటా అనిపించింది.

చిరాకు పడ్డ సంగతులూ ఉన్నాయి. ఊళ్ళో ప్రదర్శనలకు నన్ను తలపాగా చుట్టుకోమనేవాళ్ళు. రాజుగారి కొలువులో వాయించేవాడని ఒకసారి పరిచయం చేశారు. మా తాత పొగాకు బారన్లలో కూలీ. అయినా నేను తలపాగా చుట్టుకుని నవ్వాను. విదేశాలకు పోయే మీరు కూడా ఇది చేస్తారు. చేస్తున్నామని తెలిసి చెయ్యండి, అంతవరకే చెప్పగలను.

అందరూ మేస్టారి ఆరోగ్యం అడిగేవాళ్ళు. హారిస్ గారి భార్య, ఛాతీ జబ్బు మనిషికి వెచ్చగా ఉండాలని మందపాటి ఊలు మఫ్లరు ఒకటి అల్లడం మొదలుపెట్టింది. నా కళ్ళ ముందే రోజుకు ఇంత పెరుగుతూ వచ్చింది. శీను దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. నవ్వొద్దని అనే హక్కు నాకు లేదు.

పోటీలో న్యాయనిర్ణేతలు నాలుగు వైపులా గుడ్డ కట్టిన గదిలో కూర్చుంటారు. వాయించేది ఎవరో వాళ్ళకు కనబడకూడదు, వినబడాలి అంతే. ఆ గుడ్డగది చూసినప్పుడు మేస్టారు ఇక్కడ ఉంటే దీన్ని చూసి ఏమనేవారో అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి మమ్మల్ని చూసి తూకం వేసినవాళ్ళే గాని, చూడకుండా విన్నవాళ్ళు లేరు.

పోటీ పాట మొత్తం విని విని కంఠతా పట్టాను. నా ముందు స్టాండు మీద కాగితం ఉండేది, ఊరికే. ఆఖరి రిహార్సల్లో హారిస్ గారు ఒకచోట ఆపి ఏదో చెప్పారు. అందరూ పెన్సిళ్ళు తీసి కాగితాల మీద గుర్తు పెట్టుకున్నారు. ఆయన యాస నాకు సగమే అందింది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి నేనూ తలూపాను. ముగింపుకు ముందు సైడ్ డ్రమ్ము తీసేస్తున్నాం, అక్కడ రెండు లెక్కపెట్టేంతసేపు పూర్తి నిశ్శబ్దం ఉండాలి అని ఆయన చెప్పారట.

మర్నాడు హాలు నిండా జనం. ఆ చోటు వచ్చింది. బ్యాండు మొత్తం ఒక్కసారిగా ఆగింది. నేను ఒక్కణ్ణి రోల్ వాయిస్తున్నాను, ఎన్నడూ వాయించనంత గట్టిగా. చేతులు ఆపేసరికి అది గుడ్డగదిలోకి వెళ్ళిపోయింది. ఊదేవాడి తప్పు పదిమంది గాలిలో కలిసిపోతుంది. మన తప్పు కలవదు.

బహుమతి రాలేదు. ఆ బ్యాండులో చాలామందికి ఆ ఏడాది ఆశించడానికి అదొక్కటే ఉంది. ఒక్కరు కూడా నన్ను మాట అనలేదు. బస్సులో హారిస్ గారు నా పక్కన కూర్చుని, "ప్రభుదాసు గారు జబ్బు పడకుండా ఉంటే బాగుండేది శామ్యూల్, నీ పక్కన ఉండేవారు" అన్నారు. అవునన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మఫ్లరు పొట్లం కట్టి ఇచ్చారు. బొంబాయిలో దిగాక దాన్ని విమానాశ్రయంలో ఒక బెంచీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ప్రశ్న

వచ్చిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం షెడ్డులో డ్రమ్ము తాళ్ళు బిగిస్తున్నాను. ప్రభుదాసు మేస్టారు గుమ్మంలోకి వచ్చి, నలుగురిలో కాకుండా నన్ను బయటికి పిలిచారు. బోరింగు దగ్గర నిలబడ్డాం. ఆయన చేతిలో చర్చి అడ్రసుకు వచ్చిన, విదేశీ స్టాంపులున్న కవరు ఉంది.

"నాకు జబ్బు ఎప్పుడొచ్చిందిరా శామ్యూలూ?"

నేను కవరు మీది స్టాంపుల వైపు చూశాను.

"ఇప్పుడు ఊపిరి ఎట్టా ఉందని రాశారు హారిస్ గారు. మఫ్లరు వెచ్చగా ఉందా అని అడిగారు. ఉత్తరం ఎవరు రాశారు?"

"రత్తయ్య గారు రాయమన్నారండి."

"రాయమన్నది ఆయన. రాసింది ఎవరు?"

"నేనేనండి."

ఆయన కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాశావా?"

"రాశానండి."

"మంచిది" అన్నారు.

అరిచి ఉంటే, చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. ఆయన అలాగే నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి బ్యాండుకు రాలేదు. రత్తయ్య గారు ఒకరోజు కబురు పంపి ఊరుకున్నారు. కార్నెట్టుకు విజయవాడ నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నారు.

ఇంకొక సంగతి రెండేళ్ళ తర్వాత తెలిసింది. మస్కట్‌లో ఒక హోటలు బ్యాండుకు డ్రమ్మరు కావాలంటే నేను హారిస్ గారికి రాసి సిఫారసు అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. ఆయన వెంటనే పంపారు. దానితోపాటు నాకు నాలుగు ముక్కలు రాశారు. మీ మేస్టారు అప్పుడే జవాబిచ్చారు, ఛాతీ నయమైందట, మఫ్లరు చాలా వెచ్చగా ఉందట, మాకు సంతోషం.

నా అబద్ధాన్ని ఆయన తన చేతిరాతతో నిలబెట్టారు. నన్ను కాపాడటానికో, మా ఊరి మనుషులు దొంగలని ఆ ముసలిదంపతులు అనుకోకూడదనో నాకు తెలియదు. ఆ ఒక్క జవాబు మీద మస్కట్ వచ్చింది. మస్కట్ మీద బహ్రెయిన్, దాని మీద సింగపూరు, ఓడ. మీరు ఫోన్లో రాసుకునే దేశాలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

చీమకుర్తి

మేస్టారి అల్లుడు చీమకుర్తిలో రాయి కోసే యూనిట్లో పనిచేసేవాడు. అక్కడ క్వారీలు అప్పుడప్పుడే పెరుగుతున్న రోజులు. బ్యాండు మానేసిన మేస్టారు భార్య మార్తమ్మ గారితో అక్కడికి వెళ్ళి, ఆ యూనిట్లోనే కూలీల హాజరు రాసే పనిలో కుదిరారు. రంపాల పక్కనే ఆయన బల్ల. నీళ్ళు సరిగా పెట్టకుండా కోసేవాళ్ళు. సాయంత్రానికి మనుషులు పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా బయటికి వచ్చేవాళ్ళు. మూడు నాలుగేళ్ళకు ఆయనకు దగ్గు పట్టుకుంది.

నా రాత వల్ల జబ్బు వచ్చిందని నేననను. అలా నమ్మేవాణ్ణి కాదు. దుమ్ము వల్ల వచ్చింది. కానీ ఊదుకుంటూ బతకవలసిన మనిషి ఆ బల్ల దగ్గరికి ఎందుకు వెళ్ళారో నాకు తెలుసు.

ఒకసారి సెలవులో వచ్చినప్పుడు చూడటానికి వెళ్ళాను. మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. ఎండల గురించి, రోడ్డు మీద రాళ్ళ లారీల గురించి మాట్లాడారు. మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. సంగీతం మాట ఎత్తలేదు. క్షమించమని అడగాలని వెళ్ళాను. మజ్జిగ తాగి, లేచి, వస్తానండి అన్నాను. మంచిదన్నారు.

ఎనభైల చివర్లో ఆయన పోయినట్టు కబురు వచ్చేటప్పటికి నేను నల్లపాడులోనే ఉన్నాను. బహ్రెయిన్ కాంట్రాక్టు అయిపోయి, సింగపూరు కాగితాల కోసం చూస్తున్నాను. డ్రమ్ము తీసుకుని తెల్లవారుజామున బస్సెక్కాను. మా క్రైస్తవుల్లో భూస్థాపనకు బ్యాండు కీర్తనలు వాయిస్తుంది. మేస్టారి ముందు నేను నడవాలి అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి రత్తయ్య గారి మేళం అప్పటికే దిగి ఉంది. ఉచితంగా పంపారట. అందులో సగంమంది మేస్టారిని చూడనివాళ్ళు. నేను డ్రమ్ము మెడలో వేసుకుంటుంటే మార్తమ్మ గారు శవపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చారు.

"శామ్యూలూ, నువ్వు నడువు. అది మాత్రం తీసి పక్కన పెట్టు."

"ఒక్క కీర్తనమ్మా."

"వద్దు."

పక్కింటి అరుగు మీద పెట్టేశాను. చర్చి దాకా, చర్చి నుంచి సమాధుల దాకా ఎండలో అందరి వెనకా నడిచాను. కొత్త డ్రమ్మరు కీర్తనను ఊరేగింపు నడకలో వాయించాడు. శవం మోసేవాళ్ళు ఆ వేగానికి అడుగు కలపలేక తడబడ్డారు. మెల్లగా వాయించమని చెప్పడానికి రెండుసార్లు ముందుకు వెళ్ళబోయి ఆగిపోయాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరం మట్టి వేశాం. నేనూ వేశాను, ఎవరూ అడ్డుచెప్పలేదు.

జనం వెళ్ళిపోయాక మార్తమ్మ గారు కూతురి భుజం పట్టుకుని నా ముందు ఆగారు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నీ గురించి ఏమన్నా అన్నారా అని అడుగుదామని వచ్చావు గదా" అన్నారు.

తలదించుకున్నాను.

"నేను రెండుసార్లు అడిగానయ్యా ఆయన్ని. శామ్యూలు వస్తే ఏం చెప్పమంటారని."

"ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలా" అని, కూతురితో కలిసి ఇంటివైపు నడిచారు.

నేను అరుగు మీద డ్రమ్ము తీసుకుని ఒంగోలు బస్సెక్కాను. పదిహేను రోజులకు సింగపూరు కాగితాలు వచ్చాయి. వెళ్ళాను.